ఫ్రోమెల్ అజ్ఞాత సైనికుల గుర్తింపు

మొదటి ప్రపంచ యుద్ధంలో 1916 జూలై 19-20 తేదీలలో ఉత్తర ఫ్రాన్సులోని ఫ్రోమెల్ గ్రామం వద్ద మరణించి, జర్మన్ సైన్యం చేత సామూహిక గోతులలో ఖననం చేయబడిన 250 మంది సైనికుల పేర్లను తిరిగి కనుగొనే ప్రయత్నమే '''ఫ్రోమెల్ అజ్ఞాత సైనికుల గుర్తింపు'''. వీరిలో అత్యధికులు ఆస్ట్రేలియా సైనికులు, కొద్దిమంది బ్రిటిష్ సైనికులు. ఫెజంట్ వుడ్ అనే చిన్న అడవి అంచున ఉన్న ఈ గోతులు తొంభై ఏళ్ళకు పైగా ఎవరి దృష్టికీ రాలేదు. 2009లో తవ్వకాలు జరిపి అస్థికలను వెలికితీశారు. 2010లో వాటిని కొత్తగా నిర్మించిన శ్మశానవాటికలో విడివిడి సమాధులలో ఖననం చేశారు.

అస్థికలకు పేర్లు పెట్టడంలో పురావస్తు శాస్త్రం, జన్యు పరీక్షలతో పాటు కుటుంబ చరిత్ర పరిశోధనకు సమానమైన పాత్ర ఉన్నది. మృతులలో చాలామంది చిన్న పట్టణాల నుండి, వ్యవసాయ గ్రామాల నుండి వచ్చిన అవివాహిత యువకులు. వారికి సంతానం లేనందున, తోబుట్టువుల ద్వారా, పెదనాన్నలు, చిన్నాన్నలు, పినతల్లుల ద్వారా సాగిన వంశ శాఖలను వెదకి, ఈనాటి బంధువులను కనుగొనవలసి వచ్చింది. అటువంటి బంధువు దొరికిన సైనికునికి పేరు దొరికే అవకాశం ఉన్నది. దొరకనివాడు అజ్ఞాత సైనికునిగానే మిగిలిపోయాడు.

## నేపథ్యం

ఫ్రోమెల్ గ్రామం ఫ్రాన్సులోని నార్ జిల్లాలో, లీల్ నగరానికి పడమరగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 1916 జూలై 1న దక్షిణాన సోమ్ నది ప్రాంతంలో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు పెద్దఎత్తున దాడి ప్రారంభించాయి. ఫ్రోమెల్ వైపున్న జర్మన్ దళాలు సోమ్ ప్రాంతానికి తరలిపోకుండా ఆపడానికి ఇక్కడ ఒక దాడి జరపాలని బ్రిటిష్ సేనాధిపతులు నిర్ణయించారు. ఈ పనికి ఆస్ట్రేలియా 5వ డివిజనును, బ్రిటిష్ 61వ డివిజనును నియమించారు. వీరికి ఎదురుగా 6వ బవేరియన్ రిజర్వు డివిజను ఉన్నది.

జూలై 19 సాయంత్రం ఆరు గంటలకు పదాతి దళాలు దాడి ప్రారంభించాయి. వేసవి కావడం వలన అప్పటికి ఇంకా పగటి వెలుతురు బాగా ఉన్నది. షుగర్ లోఫ్ అనే ఎత్తైన జర్మన్ స్థావరం నుండి మరతుపాకులు కాల్చడంతో దానికి ఎదురుగా సాగిన దళాలు బయలులోనే కూలిపోయాయి. ఎడమవైపున ఆస్ట్రేలియా 8వ, 14వ బ్రిగేడులు జర్మన్ కందకాలలోకి చొచ్చుకుపోయాయి. అయితే వారికి పక్కల నుండి సహాయం అందలేదు. రాత్రంతా పోరాడి, జూలై 20 ఉదయం చుట్టుముట్టిన శత్రువుల మధ్య నుండి వెనుదిరగవలసి వచ్చింది.

ఒక్క రాత్రిలో ఆస్ట్రేలియా డివిజనుకు కలిగిన నష్టం మృతులు, క్షతగాత్రులు, బందీలు కలిపి 5,533. బ్రిటిష్ డివిజను నష్టం 1,547. పశ్చిమ రంగంలో ఆస్ట్రేలియా సైన్యం పాల్గొన్న మొదటి పెద్ద పోరాటం ఇదే. దాడి వలన భూభాగమేదీ చేజిక్కలేదు. ఆనాటి ఆస్ట్రేలియా జనాభా 50 లక్షలకు లోపే. విదేశాలకు వెళ్ళిన సైన్యమంతా స్వచ్ఛందంగా చేరినవారితో ఏర్పడినది. ఒకే ఊరి యువకులు కలిసి చేరడం, ఒకే దళంలో పనిచేయడం సాధారణం కావడంతో ఒక రాత్రి పోరాటం అనేక చిన్న ఊళ్ళను ఒకేసారి తాకింది.

## ఖననం

జర్మన్ కందకాలలోనూ, వాటి వెనుకనూ మరణించిన ఆస్ట్రేలియా, బ్రిటిష్ సైనికుల దేహాలు జర్మన్ల ఆధీనంలో మిగిలిపోయాయి. 21వ బవేరియన్ రిజర్వు పదాతి రెజిమెంటు అధిపతి కల్నల్ యూలియస్ రిట్టర్ ఫన్ బ్రౌన్ 1916 జూలై 21న సుమారు 400 దేహాలకు సరిపడా గోతులు తవ్వవలసిందిగా ఉత్తర్వు జారీ చేశాడు. ఫెజంట్ వుడ్ దక్షిణపు అంచున ఎనిమిది గోతులు తవ్వారు. దేహాలను తేలికపాటి రైలు బండ్లపై అక్కడికి తరలించి పూడ్చారు.

పూడ్చడానికి ముందు జర్మన్లు మృతుల మెడలోని గుర్తింపు బిళ్ళలను, కొన్ని వస్తువులను సేకరించి, పేర్ల జాబితాలు తయారుచేసి రెడ్‌క్రాస్ సంస్థకు పంపారు. ఈ పని ఒక విధంగా మేలు చేసింది, మరొక విధంగా కీడు చేసింది. సైనికుడు మరణించాడన్న వార్త ఇంటికి చేరింది. అయితే బిళ్ళ తీసివేసినందున దేహం ఎవరిదో చెప్పే ఆధారం లేకుండా పోయింది. ఆ కాలంలో బ్రిటిష్ సామ్రాజ్య సైనికులు సాధారణంగా ఒకే బిళ్ళ ధరించేవారు. ఒకటి దేహంతోనే ఉండిపోయేలా రెండు బిళ్ళలు ఇచ్చే పద్ధతిని 1916 సెప్టెంబరులో, అంటే ఫ్రోమెల్ పోరాటం జరిగిన రెండు నెలల తరువాత ప్రవేశపెట్టారు.

యుద్ధం ముగిసిన తరువాత సమాధుల విభాగాలు ఈ ప్రాంతమంతా వెదకి దేహాలను శ్మశానవాటికలకు చేర్చాయి. ఫ్రోమెల్ సమీపంలోని వి.సి. కార్నర్ శ్మశానవాటికలో 410 మంది ఆస్ట్రేలియా సైనికులు ఖననమై ఉన్నారు. వారిలో ఒక్కరి పేరు కూడా తెలియదు. సమాధులపై విడివిడి రాళ్ళు లేవు. ఆచూకీ లేనివారి పేర్లు గోడపై చెక్కి ఉన్నాయి. ఫెజంట్ వుడ్ గోతులు మాత్రం ఆ వెదకులాటలో బయటపడలేదు.

## ఇళ్ళకు చేరిన సమాచారం

"ఆచూకీ లేదు" అన్న తంతి అందుకున్న కుటుంబాలకు నెలల తరబడి వేరే సమాచారం ఉండేది కాదు. ఇటువంటి కుటుంబాల కోసం ఆస్ట్రేలియా రెడ్‌క్రాస్ 1915లో కైరోలో ఒక విచారణ కార్యాలయం ప్రారంభించి, 1916లో దానిని లండనుకు మార్చింది. మాజీ ప్రధానమంత్రి ఆల్ఫ్రెడ్ డీకిన్ కుమార్తె వెరా డీకిన్ దీనిని నడిపింది. కార్యాలయం తరఫున ఆసుపత్రులలో, శిబిరాలలో తిరిగినవారు బ్రతికి వచ్చిన సైనికులను ప్రశ్నించి వాంగ్మూలాలు సేకరించారు. ఫలానా సైనికుడిని చివరిసారి ఎక్కడ చూశారు, గాయం ఎటువంటిది, మనిషి పొడుగా పొట్టా, పక్కన ఎవరున్నారు వంటి వివరాలు వీటిలో ఉన్నాయి. సుమారు 32,000 మందికి సంబంధించిన ఈ దస్త్రాలు కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా యుద్ధ స్మారక సంస్థలో భద్రంగా ఉన్నాయి. జర్మన్ల జాబితాల ద్వారా తెలిసిన మరణవార్తలు కూడా వీటిలోనే నమోదై ఉండటంతో తొంభై ఏళ్ళ తరువాత ఇవి ప్రధాన ఆధారాలయ్యాయి.

యుద్ధకాలంలో మరణించినవారి దేహాలను స్వదేశానికి తరలించడానికి బ్రిటిష్ సామ్రాజ్యంలో అనుమతి లేదు. సముద్రాలు దాటి సమాధిని చూసే స్తోమత చిన్న పట్టణాల కుటుంబాలకు ఉండేది కాదు. అందువలన ఊరి కూడలిలో, పాఠశాలలో, చర్చిలో నిలిపిన స్మారక ఫలకమే వారికి సమాధితో సమానమైనది. మృతుని కుటుంబానికి ప్రభుత్వం సుమారు 12 సెంటీమీటర్ల వ్యాసం గల కంచు ఫలకాన్ని పంపింది. సామ్రాజ్యమంతటా 13 లక్షలకు పైగా ఇటువంటి ఫలకాలు తయారయ్యాయి. జనం దీనిని "చనిపోయినవాడి పెన్నీ" అనేవారు. హోదా ప్రసక్తి లేకుండా మృతుని పేరు మాత్రమే దీనిపై పోతపోసి ఉంటుంది.

## గోతుల అన్వేషణ

గోతుల ఉనికిని వెలుగులోకి తెచ్చినవారిలో ప్రముఖుడు మెల్‌బోర్న్‌కు చెందిన ఉపాధ్యాయుడు లాంబిస్ ఎంగ్లెజోస్. గ్రీసులో జన్మించిన ఈయన వృత్తిరీత్యా చరిత్రకారుడు కాడు. ఫ్రోమెల్ పరిసరాల శ్మశానవాటికలలోని అజ్ఞాత సైనికుల సమాధులను లెక్కించి, ఆచూకీ లేనివారి సంఖ్యతో పోల్చి చూసి, లెక్క సరిపోవడం లేదని గమనించాడు. కొన్ని వందల దేహాలు ఏ శ్మశానవాటికలోనూ లేవు. జర్మన్ల మృతుల జాబితాలో పేరు ఉండి కూడా సమాధి లేనివారిని వేరుచేసి, వారంతా ఒకేచోట ఉండి ఉంటారని ఆయన, ఆయన సహచరులు వాదించారు.

వారి వాదనకు మూడు రకాల ఆధారాలు లభించాయి.

* '''రెడ్‌క్రాస్ దస్త్రాలు:''' జర్మన్లు ఖననం చేసినట్లు తెలిపిన సైనికుల పేర్లు వీటిలో ఉన్నాయి.
* '''విమాన ఛాయాచిత్రాలు:''' పోరాటం తరువాత తీసిన చిత్రాలలో ఫెజంట్ వుడ్ పక్కన వరుసగా తవ్విన గోతులు కనిపించాయి.
* '''జర్మన్ ఉత్తర్వు:''' మ్యూనిక్‌లోని బవేరియా సైనిక పత్రాలలో ఫన్ బ్రౌన్ జారీచేసిన ఖనన ఉత్తర్వు లభించింది.

2005లో ఆస్ట్రేలియా సైన్యం ఒక నిపుణుల బృందాన్ని ఏర్పాటుచేసి ఈ వాదనను పరిశీలించింది. 2007లో గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన పురావస్తు బృందం టోనీ పొలార్డ్ నాయకత్వంలో, నేలను తవ్వకుండా లోహశోధక యంత్రాలు మొదలైన వాటితో సర్వే జరిపింది. 2008 మే, జూన్ నెలలలో పరిమితంగా జరిపిన తవ్వకంలో దేహాలు గోతులలోనే ఉన్నాయని రుజువైంది. అదే ఏడాది జూలైలో, దేహాలన్నిటినీ వెలికితీసి కొత్త శ్మశానవాటికలో ఖననం చేయాలని ఆస్ట్రేలియా, బ్రిటిష్ ప్రభుత్వాలు నిర్ణయించాయి.

## హారీ విల్లిస్

2007 సర్వేలో నేలపొరలో లభించిన వస్తువులలో ఒక చిన్న పతకం ఉన్నది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, గిప్స్‌లాండ్ ప్రాంతానికి చెందిన ఆల్బర్టన్ స్థానిక పాలక మండలి తమ ప్రాంతం నుండి యుద్ధానికి బయలుదేరిన యువకులకు ఇచ్చిన పతకం అది. ఫ్రెంచి పొలంలో దొరికిన ఆ వస్తువు ఆస్ట్రేలియా సైనికులు అక్కడికి చేరారని తెలపడమే కాక, వారిలో ఒకడు ఏ ఊరివాడో కూడా సూచించింది. ఆల్బర్టన్ ప్రాంతపు సైనికుల జాబితాను ఫ్రోమెల్ మృతుల వివరాలతో పోల్చి చూసినపుడు పరిశోధకుల దృష్టి 31వ బెటాలియనుకు చెందిన ప్రైవేటు హెన్రీ విక్టర్ విల్లిస్ పై నిలిచింది. ఇంటివారు ఆయనను హారీ అని పిలిచేవారు.

31వ బెటాలియను క్వీన్స్‌లాండ్, విక్టోరియా రాష్ట్రాల యువకులతో ఏర్పడినది. ఇది జర్మన్ కందకాలలోకి చొచ్చుకుపోయిన 8వ బ్రిగేడులోని దళం. విల్లిస్ కుటుంబంలోని తరువాతి తరాలవారు ఆయన జ్ఞాపకాన్ని నిలుపుకుని, గోతుల తవ్వకం కోసం జరిగిన ప్రయత్నాలలో పాలుపంచుకున్నారు. తరువాత జరిగిన జన్యు పరీక్షల ఫలితంగా విల్లిస్ అస్థికలను గుర్తించారు. ఫెజంట్ వుడ్ శ్మశానవాటికలో ఈనాడు ఆయన పేరుతో సమాధి ఉన్నది.

పరిశోధన పద్ధతి దృష్ట్యా ఈ ఉదంతం గమనింపదగినది. పతకం ఒక్కటే మనిషిని గుర్తించలేదు, ఎందుకంటే అదే పతకం అదే ఊరివారు అనేకులకు ఇచ్చారు. కుటుంబంలో నిలిచిన కథ కూడా ఒక్కటే చాలదు. పతకం ఊరిని చూపింది, సైనిక పత్రాలు మనిషిని చూపాయి, బంధువుల జన్యు నమూనాలు అస్థికలను నిర్ధారించాయి.

## తవ్వకాలు

2009 మే నుండి సెప్టెంబరు వరకు ఆక్స్‌ఫర్డ్ ఆర్కియాలజీ సంస్థ తవ్వకాలు జరిపింది. మొత్తం 250 మంది సైనికుల అస్థికలు లభించాయి. బంకమట్టి నేల కావడం వలన కొన్ని వస్త్రపు పీలికలు, తోలు వస్తువులు, కాగితాలు కూడా నశించకుండా నిలిచాయి. వేల సంఖ్యలో లభించిన వస్తువులలో గుండీలు, బూట్లు, కలాలు, శిలువలు, చిన్న పుస్తకాలు ఉన్నాయి.

వీటిలో రెండు వస్తువులు విశేషంగా ప్రజల దృష్టిని ఆకర్షించాయి. ఒకటి హృదయాకారపు తోలు సంచిలో ఉన్న బంగారు శిలువ. రెండవది పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ నుండి పెర్త్ నగరానికి తిరుగు ప్రయాణపు రైలు టికెట్టు. ఆ టికెట్టుపై ప్రయాణం జరగనేలేదు. దక్షిణ, పశ్చిమ ఆస్ట్రేలియాల యువకులతో ఏర్పడిన 32వ బెటాలియను కూడా 8వ బ్రిగేడులోనిదే. అందువలన ఇటువంటి వస్తువులు సైనికుని దళాన్ని ఊహించడానికి ఉపకరించాయి.

## గుర్తింపు ప్రక్రియ

ప్రతి సైనికుని విషయంలోనూ కింది ఆధారాలన్నిటినీ కలిపి పరిశీలించారు.

* '''శరీర శాస్త్ర ఆధారాలు:''' ఎముకల ద్వారా తెలిసే ఎత్తు, వయస్సు, దంతాల స్థితి, పాత గాయాలు. వీటిని సైన్యంలో చేరినపుడు వైద్యుడు నమోదు చేసిన వివరాలతో పోల్చారు.
* '''వస్తువులు:''' గుండీలు, బిళ్ళలు, పతకాలు ముఖ్యంగా మృతుడు ఏ దేశపు సైనికుడో చెప్పాయి.
* '''చారిత్రక పత్రాలు:''' సేవా పత్రాలు, రెడ్‌క్రాస్ దస్త్రాలు, జర్మన్ జాబితాలు.
* '''జన్యు పరీక్ష:''' అస్థికల నమూనాలను జీవించి ఉన్న బంధువుల నమూనాలతో పోల్చడం.

2010 మార్చిలో మొదటిసారిగా 75 మంది ఆస్ట్రేలియా సైనికుల పేర్లను ప్రకటించారు. ఆ తరువాత కొత్త బంధువులు దొరికిన కొద్దీ పేర్లు చేరుతూ వచ్చాయి. 2018 నాటికి ఈ సంఖ్య 159కి, 2019 నాటికి 166కి చేరింది. ఆ పైన కూడా మరికొందరిని గుర్తించారు. పేరు తెలియనంత వరకు సమాధి రాయిపై ఆస్ట్రేలియా సైనికుడనో, బ్రిటిష్ సైనికుడనో, మహాయుద్ధ సైనికుడనో మాత్రమే ఉంటుంది. పేరు నిర్ధారణ అయిన తరువాత ఆ రాయిని తీసివేసి పేరు, బెటాలియను, వయస్సు గల కొత్త రాయిని నిలుపుతారు.

## కుటుంబ చరిత్ర పరిశోధన

### బంధువుల ఎంపిక

జన్యు పరీక్షకు దగ్గరి బంధువైతే చాలునని అనుకోవడం సహజం. తొంభై ఏళ్ళ తరువాత అది సరిపోదు. ప్రతి తరంలోనూ తల్లిదండ్రుల నుండి వచ్చే సాధారణ జన్యు పదార్థం సగం సగం కలిసిపోతుంది. అందువలన కొన్ని తరాలపాటు దాదాపు మార్పు లేకుండా సాగే రెండు రకాల జన్యు పదార్థాలపై ఆధారపడవలసి వచ్చింది.

మొదటిది వై-క్రోమోజోము. ఇది తండ్రి నుండి కొడుకుకు మాత్రమే వస్తుంది. సైనికుని అన్నదమ్ముల కొడుకులు, వారి కొడుకులు, పెదనాన్న, చిన్నాన్నల మగ సంతతి దీనికి పనికివస్తారు. ఇంటిపేరు కూడా సాధారణంగా ఇదే దారిలో సాగుతుంది కనుక ఈ శాఖను వెదకడం కొంత సులభం.

రెండవది మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. ఇది తల్లి నుండి బిడ్డలందరికీ వస్తుంది, కాని కూతుళ్ళు మాత్రమే దానిని తరువాతి తరానికి అందిస్తారు. సైనికుని అక్కచెల్లెళ్ళ పిల్లలు, మేనకోడళ్ళ పిల్లలు, పినతల్లుల కూతుళ్ళ పిల్లలు దీనికి పనికివస్తారు. సైనికునికి సంతానం ఉన్నా వారు దీనికి పనికిరారు. వివాహంతో స్త్రీల ఇంటిపేరు మారే ఆచారం వలన ఈ శాఖను వెదకడం కష్టం. ఒక్కొక్క తరానికి ఒక్కొక్క వివాహ నమోదు, ఒక్కొక్క కొత్త ఇంటిపేరు, ఒక్కొక్కసారి కొత్త ఊరు, కొత్త దేశం ఎదురవుతాయి.

అన్నదమ్ములు ఇద్దరూ అదే పోరాటంలో మరణించిన సందర్భాలలో ఈ రెండు పరీక్షలూ వారిని వేరుచేసి చూపలేవు. అటువంటప్పుడు వయస్సు, ఎత్తు వంటి వివరాలే శరణ్యం.

### పత్రాలు

ఆస్ట్రేలియా సైనికుల సేవా పత్రాలు ఆ దేశపు జాతీయ అభిలేఖాగారంలో సంపూర్ణంగా నిలిచి ఉన్నాయి. వాటిని అంతర్జాలంలో ఉచితంగా చదవవచ్చు. సైనికుని వయస్సు, వృత్తి, ఎత్తు, కళ్ళ రంగు, దగ్గరి బంధువు పేరు, చిరునామా వీటిలో ఉంటాయి. తల్లి లేదా తండ్రి సైనిక కార్యాలయానికి వ్రాసిన ఉత్తరాలు కూడా అనేక పత్రాలలో కలిసి ఉన్నాయి. కొడుకు వస్తువులు ఏమైనా దొరికాయా, సమాధి ఎక్కడ ఉన్నదన్న ప్రశ్నలు వాటిలో తరచుగా కనిపిస్తాయి.

బ్రిటిష్ సైనికుల విషయంలో ఇంతటి సౌకర్యం లేదు. 1940 సెప్టెంబరులో లండనుపై జరిగిన జర్మన్ బాంబు దాడిలో సేవా పత్రాల గిడ్డంగి తగులబడి, మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల పత్రాలలో సగానికి పైగా నాశనమయ్యాయి. ఒక యుద్ధపు మృతుని ఆనవాలు మరొక యుద్ధపు మంటలో పోయింది.

మరొక విలువైన ఆధారం ఆస్ట్రేలియా యుద్ధ స్మారక సంస్థ మృతుల కుటుంబాలకు పంపిన ముద్రిత పత్రం. మృతునికి ఏ ఊరితో ఎక్కువ అనుబంధం ఉన్నది, ఎక్కడ చదువుకున్నాడు, ఏ పని చేసేవాడు, బంధువులలో సైన్యంలో ఉన్నవారెవరు వంటి ప్రశ్నలకు కుటుంబ సభ్యులు స్వదస్తూరితో జవాబులు వ్రాశారు. పుట్టిన ఊరు, చేరిన ఊరు వేరువేరైన సైనికుని నిజమైన స్వస్థలం ఏదో తెలుసుకోవడానికి ఇదే ఉపకరిస్తుంది.

### సమస్యలు

సైన్యంలో మారుపేరుతో చేరినవారు ఉన్నారు. వయస్సు తక్కువై అబద్ధం చెప్పినవారు ఉన్నారు. ఇంగ్లండు, స్కాట్లాండు, ఐర్లాండుల నుండి వలస వచ్చి ఒంటరిగా బ్రతుకుతూ సైన్యంలో చేరినవారికి ఆస్ట్రేలియాలో బంధువులే లేరు. వారి వంశ శాఖలను సముద్రానికి అవతల వెదకవలసి వస్తుంది. కొన్ని కుటుంబాలలో తోబుట్టువులందరూ సంతానం లేకుండానే మరణించారు. కొన్నింటిలో దుఃఖం వలన మృతుని ప్రస్తావనే ఇంట్లో నిషిద్ధమై, తరువాతి తరానికి ఆయన పేరే తెలియకుండా పోయింది. తమ వంశంలో ఇటువంటి సైనికుడు ఉన్నాడని పరిశోధకులు తెలిపేవరకు ఎరుగని బంధువులు కూడా ఉన్నారు.

ఆస్ట్రేలియా సైన్యంలో ఆచూకీ లేని యుద్ధ మృతుల కోసం పనిచేసే విభాగంతో పాటు, ఫ్రోమెల్ అసోసియేషన్ ఆఫ్ ఆస్ట్రేలియా వంటి స్వచ్ఛంద సంస్థలు ఈ వెదకులాటలో పాల్గొన్నాయి. స్వచ్ఛంద పరిశోధకులు సైనికుల వంశవృక్షాలు తయారుచేసి, తగిన బంధువులను గుర్తించి, నమూనా ఇవ్వవలసిందిగా కోరారు.

## శ్మశానవాటిక

కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ ఫ్రోమెల్ గ్రామంలో చర్చికి సమీపంలో కొత్త శ్మశానవాటికను నిర్మించింది. యాభై ఏళ్ళకు పైగా విరామం తరువాత ఈ సంస్థ నిర్మించిన మొదటి కొత్త శ్మశానవాటిక ఇదే. మొదటి సైనికుని 2010 జనవరి 30న సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. ఫిబ్రవరి చివరిలోపు 249 మంది ఖననం పూర్తయింది. చివరివాడైన 250వ సైనికుని, పోరాటం జరిగి 94 ఏళ్ళు నిండిన 2010 జూలై 19న ఖననం చేసి శ్మశానవాటికను అంకితం చేశారు. బ్రిటిష్ యువరాజు చార్లెస్, ఆస్ట్రేలియా గవర్నరు జనరల్ క్వెంటిన్ బ్రైస్ ఈ కార్యక్రమంలో పాల్గొన్నారు. 2014లో శ్మశానవాటిక పక్కన ఫ్రోమెల్ పోరాట సంగ్రహాలయం ప్రారంభమైంది.

సమాధి రాయి అడుగున కుటుంబం కోరిన వాక్యాన్ని చెక్కించుకునే ఆచారం మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మొదలైనది. అప్పట్లో ఖాళీలతో కలిపి 66 అక్షరాలకు మించరాదన్న నియమం ఉండేది. ఫెజంట్ వుడ్‌లో పేరు దొరికిన సైనికుల కుటుంబాలకు కూడా ఈ అవకాశం కల్పించారు. 1920లలో తల్లిదండ్రులు వ్రాయవలసిన వాక్యాన్ని ఇక్కడ సైనికుని ఎన్నడూ చూడని మూడవ, నాల్గవ తరంవారు వ్రాశారు.

గ్రామ సమీపంలోని ఆస్ట్రేలియా స్మారక ఉద్యానంలో పీటర్ కార్లెట్ రూపొందించిన శిల్పం 1998 నుండి ఉన్నది. గాయపడిన సహచరుని భుజాన మోసుకొస్తున్న సార్జెంటు సైమన్ ఫ్రేజరును ఇది చూపుతుంది. ఫ్రేజర్ విక్టోరియా రాష్ట్రంలోని బయాడక్ అనే చిన్న ఊరి రైతు. 57వ బెటాలియనుకు చెందిన ఈయన 1917 మే నెలలో బుల్లెకూర్ వద్ద మరణించాడు. ఎందరినో మోసుకొచ్చిన ఫ్రేజరుకు తెలిసిన సమాధి లేదు. విల్లర్స్-బ్రెటొనో స్మారకంపై ఆయన పేరు ఉన్నది.

## భారతదేశంతో సంబంధం

ఫ్రోమెల్‌కు పది కిలోమీటర్ల లోపున ఉన్న నవ్-షాపెల్ వద్ద 1915 మార్చి 10-13 తేదీలలో భారత సైనిక దళాలు పోరాడాయి. పశ్చిమ రంగంలో మరణించి, సమాధి తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు అక్కడి స్మారకంపై ఉన్నాయి. హెర్బర్ట్ బేకర్ రూపొందించిన ఈ స్మారకం 1927 అక్టోబరులో ప్రారంభమైంది.

అన్ని రంగాలలోనూ భారతీయుల పేర్లు ఇలా చెక్కబడలేదు. మెసపొటేమియాలో మరణించినవారి కోసం నిర్మించిన బస్రా స్మారకంపై భారత సైన్యపు అధికారుల పేర్లు చెక్కి, సాధారణ సైనికులను సంఖ్యలుగా మాత్రమే చూపారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో ప్రచురించిన నివేదిక ఇటువంటి అసమానతలను అంగీకరించింది. ఆఫ్రికా, ఆసియాలకు చెందిన కనీసం 1,16,000 మంది మృతులకు పేరుతో స్మారకం లేదని, ఈ సంఖ్య 3,50,000 వరకు ఉండవచ్చని పేర్కొని, సంస్థ క్షమాపణ తెలిపింది.

అదే 2021లో లాహోరు సంగ్రహాలయంలోని పంజాబు సైనికుల పట్టికలలో కొంత భాగం అంతర్జాలంలో వెలువడింది. సుమారు 3,20,000 మంది సైనికుల వివరాలు గ్రామాలవారీగా నమోదైన ఈ పట్టికలు యుద్ధానంతరం పంజాబు ప్రభుత్వం తయారుచేయించినవి. బ్రిటనులోను, ఇతర దేశాలలోను స్థిరపడిన పంజాబీ కుటుంబాలవారు వీటి సహాయంతో తమ ముత్తాతల పేర్లను వెదకగలిగారు.

తెలుగు ప్రాంతంలో పశ్చిమ గోదావరి ప్రాంతపు మాధవరం గ్రామం రెండు ప్రపంచ యుద్ధాలకు పెద్దసంఖ్యలో సైనికులను పంపినందున మిలిటరీ మాధవరంగా పేరుపొందింది. గ్రామంలో సైనికుల స్మారకం ఉన్నది. యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో అనేకమంది భారతీయ మృతుల పేర్ల పక్కన తండ్రి పేరు, గ్రామం, తాలూకా, జిల్లా నమోదై ఉన్నందున, పూర్వపు మద్రాసు రాష్ట్రానికి చెందిన సైనికుల కుటుంబాలు కూడా తమ పరిశోధనను అక్కడి నుండి ప్రారంభించవచ్చు. ఆంగ్ల గుమాస్తాలు విన్నట్లుగా వ్రాసుకున్నందున ఊరి పేర్లు, ఇంటిపేర్లు మారిపోయి ఉంటాయి. ఒకే పేరును పలు విధాలుగా వ్రాసి వెదకవలసి ఉంటుంది.

## ప్రాముఖ్యత

ఫ్రోమెల్ ఉదంతం తరువాత ఆచూకీ లేని సైనికుల విషయంలో కుటుంబ చరిత్ర పరిశోధనకు గుర్తింపు పెరిగింది. ప్రభుత్వ పత్రాలలో సైనికుడు ఒక సంఖ్య, ఒక హోదా, ఒక తేదీ. కుటుంబంలో అతడు ఒక ఛాయాచిత్రం, ఒక కంచు ఫలకం, పెద్దలు చెప్పిన రెండు మాటలు. ఈ రెండూ విడివిడిగా ఉన్నంతకాలం ఫెజంట్ వుడ్ మృతులకు పేర్లు లేవు. రెండూ కలిసిన చోట పేరు తిరిగి వచ్చింది. మిగిలిన అజ్ఞాత సమాధుల విషయంలో పత్రాలూ, అస్థికల జన్యు వివరాలూ ఇప్పటికే ఉన్నాయి. తగిన బంధువు దొరకడమే మిగిలి ఉన్నది.

## ఇవి కూడా చూడండి

* మొదటి ప్రపంచ యుద్ధం
* సోమ్ యుద్ధం
* కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ
* మిలిటరీ మాధవరం
* వంశవృక్షం